వేలు చూపించిన బోర్డు

మా పేటకి పెద్దని ఎన్నుకునే ఎన్నికలు వస్తున్నాయని అందరికంటే ముందు తెలిసేది మాకే. టపాకాయలూ మైకు బళ్ళూ తర్వాత సంగతి. నిలబడదామా వద్దా అన్నది ఇంట్లో పెళ్ళాంతో కూడా తేల్చుకోనివాడు ముందు మా బోర్డుల కొట్టుకొచ్చి, ఫొటో చేతిలో పెట్టి, "గడ్డం కింద ఈ మడత తీసెయ్యమ్మా, జుట్టు కొంచెం నలుపు కొట్టు" అంటాడు. ఆ ఏడు రెండో పంట కోతలూ ఎన్నికలూ ఒక్కసారే మీద పడ్డాయి. మా ఇంట్లో అన్నం గిన్నెల లెక్క మారింది కూడా అప్పుడే.

మాది షీలువో ఊళ్ళో, సోయా గింజలు ఊరబెట్టే కుండల వాసన రోజంతా తిరిగే వీధి. కింద కొట్టు, వెనక వంటిల్లు, పైన పడకగదులు. మా మామగారు సూ షుయ్‌మూ కుంచెతో బోర్డులు రాసిన మనిషి. ఆయన చెయ్యి వణకడం మొదలెట్టాక కొట్టులోకి మిషన్ వచ్చింది. రెండు మంచాలు కలిపినంత బల్ల. దాని మీద ప్లాస్టిక్ అట్ట గానీ గాజు గానీ చెక్క గానీ పరిస్తే, ఇంకు చిమ్మే హెడ్ అటూ ఇటూ పరుగెత్తి బొమ్మ వేస్తుంది. దాని ఇంకు గాలికి ఆరేది కాదు. హెడ్‌ని అంటిపెట్టుకుని వెళ్ళే ఊదారంగు దీపం వెలుగు తగిలితేనే గట్టిపడుతుంది. చీకట్లో ఎన్నాళ్ళుంచినా నూనెలా జారుతూనే ఉంటుంది. వెలుగు తగిలిందా, ఇక రాయే. మిషన్ ప్రాణమంతా ఆ హెడ్‌లోనే. దాని అడుగున కంటికి ఆనని రంధ్రాలుంటాయి. వాటిలో ఇంకు గట్టిపడితే హెడ్ పోయినట్టే. కొత్తది కొనాలంటే ఆ ఏడాది మేము నిలబెట్టిన బోర్డులన్నీ దానికే సరి.

నా పేరు బీషియా. వెల్లుల్లి పండించే ఊరినించి వచ్చాను. కాలేజీలో వ్యాపార లెక్కలు చదివి, ఈ ఇంటికొచ్చి గుడ్డతో మిషన్ అడుగు తుడవడం నేర్చుకున్నాను. మా ఆయన రోంగ్‌కున్ ఆర్డర్లు తెచ్చి బోర్డులు బిగిస్తాడు. పెళ్ళికాని మరిది రోంగ్‌చె మిషన్ నడుపుతాడు. పొద్దుటి శుభ్రం నాది, సాయంత్రం శుభ్రం వాడిది.

తెల్ల ఇంకు అడుగున పేరుకుంటుంది కాబట్టి లేవగానే సీసా కుదపాలి. గాలి మరీ పొడిగా ఉంటే చుక్క దారి తప్పుతుంది కాబట్టి నేల తడిగుడ్డ పెట్టాలి. మెత్తని గుడ్డని ఇంకు కరిగించే మందులో తడిపి హెడ్ అడుగున ఒక్క వైపుకే తుడవాలి, వెనక్కి తేకూడదు. ఆపైన పరీక్ష కాగితం మీద సన్నగీతలు కొట్టి చూడాలి. ఎన్ని రంధ్రాలో అన్ని గీతలు. ఎక్కడైనా గీత లేదంటే అక్కడ రంధ్రం మూసుకుపోయినట్టు. చివరగా హెడ్ కింద ఇంకు చిమ్మే స్టీలు పళ్ళెం. దాన్ని నేను నా ముఖం కనిపించేలా తోమేదాన్ని.

"వదినా, అది ఇంకు ఉమ్మే పళ్ళెం. పెళ్ళికొడుక్కి అన్నం వడ్డించేది కాదు," అని నవ్వేవాడు రోంగ్‌చె.

"ముందు పెళ్ళికొడుకువి అవ్వు, అప్పుడు చూద్దాం," అనేదాన్ని.

సాయంత్రం వాడు హెడ్ అడుగున బిగిసే మూతని మందుతో తడిచేసి, హెడ్‌ని దాని మీదికి దించి, పైన నల్లగుడ్డ కప్పేవాడు. ఆ పని అయ్యాకే వాడు అన్నానికి కూర్చునేవాడు. ఆకలితో కడుపు అరుస్తున్నా సరే.

ఆ ఎన్నికల్లో నిలబడ్డ చెంగ్ మింగ్‌దా బోర్డుల ఆర్డరంతా మా ఆయన పట్టుకొచ్చాడు. ఎదురు నిలబడ్డ వేయ్ షూఫెన్ దగ్గర రోంగ్‌చె చిన్నప్పుడు ట్యూషన్ చదివాడు. సాయంత్రం మూత పెట్టి, అన్నం తిని, ఆవిడ ప్రచారం టెంటు కింద టీ తాగడానికి పోయేవాడు. "మా ఇంట్లో ఓట్లు రెండు రకాలు, అన్నం ఒక రకం," అనేవారు మామగారు. అత్తగారు పోయిన దగ్గర్నించీ ఆయనకున్న పట్టుదల అదొక్కటే, కొడుకులిద్దరూ ఒక పొయ్యి మీద వండింది తినాలి.

మా మేడ గోడ మీద చెంగ్ గారి పెద్ద బోర్డు బిగించిన రోజే గొడవకి ముహూర్తం పడింది. నిలువెత్తు మనిషి, ముందుకి చాచిన చెయ్యి, చూపుడువేలు. సాయంత్రానికి ఎదురింటి ఆరుయ్ పిన్ని రోడ్డు దాటి వచ్చేసింది.

"ఒరే రోంగ్‌కున్! వాడి వేలు నా మంచం మీదికొస్తోందిరా!"

"నీకు కాదు పిన్నీ, ప్రజలకి చూపిస్తున్నాడు. మీరే ముఖ్యం అని."

"ప్రజలు నా మంచం మీద పడుకుంటార్రా? కళ్ళు తెరిస్తే కిటికీలో వేలు. బోర్డు కట్టిన దగ్గర్నించీ మోకాలు పట్టేసింది."

"ఆ మోకాలు నా పెళ్ళినాటికే పట్టేసింది కదా పిన్నీ. ఊరేగింపులో నువ్వు కుంటుతూ వచ్చావు, వీడియో కూడా ఉంది."

వీధంతా నవ్వింది. పిన్ని మాత్రం నవ్వలేదు. మర్నాడు చూస్తే ఆవిడ మేడ కిటికీ పైన ఎనిమిది పలకల చెక్క, మధ్యలో పళ్ళెమంత గుండ్రటి అద్దం. మా వైపుల్లో దానికి అర్థం చెప్పక్కర్లేదు. నువ్వు పంపిన కీడు నీకే పంపిస్తున్నాను అని.

"పెద్దోడా, ఆవిడ అద్దం కట్టేసింది. బోర్డు కాస్త పక్కకి తిప్పరా," అన్నారు మామగారు.

"తిప్పితే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది నాన్నా. ఎన్నికలయ్యేదాకా కదలదు."

ఆ తర్వాత కొద్దిరోజులకే ఒక పొద్దున పరీక్ష కాగితం తీసి చూద్దును కదా, నల్లగీతల్లో ఖాళీలు. వరుసగా నాటిన మడిలో అక్కడక్కడ మొక్క చచ్చినట్టు. సిరంజీతో మందు ఎక్కించి, తుడిచి, మళ్ళీ కొట్టాను. కొన్ని తిరిగొచ్చాయి, కొన్ని రాలేదు. మర్నాడు తెల్లరంగులోనూ పోయాయి.

మా ఆయన కాగితం వెలుగుకి పట్టి చూశాడు. "రాత్రి మూత సరిగ్గా పెట్టావా?"

"పెట్టాను," అన్నాడు రోంగ్‌చె.

"టీకి టైమైపోతోందని విసిరేసి పోయుంటావు."

"అన్నా, నేనెప్పుడైనా అలా పోయానా? వదినని అడుగు."

నేను అబద్ధమాడక్కర్లేదు. పొద్దున నేను నల్లగుడ్డ తీసేసరికి మూత ఎప్పుడూ బిగుతుగానే ఉండేది. ఆ మాటే అన్నాను. మా ఆయన నా వైపు చూడలేదు. మిషన్ బుద్ధిగా ఉండాలని మా వైపు ఆచారంగా దాని నెత్తిన పెట్టే ఆకుపచ్చ చిరుతిళ్ళ పొట్లం తీసి, తారీఖు చూసి, కొత్తది తెచ్చి పెట్టాడు. ఆ సాయంత్రం నించి మూత పెట్టే పని తనే తీసుకున్నాడు. తమ్ముణ్ణి పక్కకి నెట్టి, వంగి, లైటు వేసి చూసి మరీ పెట్టాడు.

పొద్దున్నే గీతలు మళ్ళీ పోయాయి.

నాకు అప్పుడు భయమేసింది. నిర్లక్ష్యమైతే నాలుగు తిట్లతో పోతుంది. ఇప్పుడు మా ఆయన బుర్ర ఎటు తిరుగుతుందో నాకు తెలుసు. రాత్రి తప్పు లేదంటే పగలు జరిగుండాలి. మధ్యాహ్నం అన్నాలయ్యాక మేమంతా పైకి పోయి కాసేపు నడుం వాలుస్తాం. ఇంకు వాసన పోవాలని షట్టరు తెరిచే ఉంచుతాం. హెడ్‌కి మూత కూడా పెట్టం, హెడ్‌ని స్టీలు పళ్ళేనికి పైగా లేపి ఉంచుతాం. మిషనే మధ్యమధ్య కాస్త ఇంకు చిమ్ముకుని రంధ్రాలు తడిగా ఉంచుకుంటుంది. ఆ వేళ కొట్టులో ఉండేది ఒక్క రోంగ్‌చె. వాడికి పగటినిద్ర అలవాటు లేదు. అరుగు మీద స్టూలేసుకుని కూర్చుంటాడు.

అప్పటికి బోర్డుల మీద కూడా కనిపించడం మొదలెట్టింది. చెంగ్ గారి నుదుటి మీద అడ్డంగా తెల్లచారలు. ఆయన మనుషులొచ్చి, "ఏంటన్నా, మా చెంగ్ గారి నుదుటికి అప్పుడే కట్లు కట్టేశారు, ఇంకా ఓడిపోనే లేదు," అని వేళాకోళంగా అన్నారు. ఒకడు మాత్రం వేళాకోళం ఆపి, "వేయ్ గారి టెంటులో మీ తమ్ముడు రోజూ కనిపిస్తాడే," అన్నాడు. ఆ మాట కొట్టులో అలాగే ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం చిలగడదుంప ఆకు వేపుడూ, సోయాలో ఉడికించిన పంది మాంసమూ చేశాను. ఆ కూరలు ఎవరూ ముట్టలేదు.

"రేపట్నించి నువ్వు మిషన్ దగ్గరికి రావద్దు," అన్నాడు మా ఆయన.

రోంగ్‌చె గిన్నెలోంచి తలెత్తాడు. "దేనికి?"

"దేనికో నీకు తెలుసు."

"తెలీదు. నోటితో చెప్పు."

"మధ్యాహ్నం అందరం పైకి పోయాక ఏం చేస్తున్నావు దానికి?"

"ఏం చేస్తాను? పట్టాలు తుడిచి గ్రీజు రాస్తాను. అరుగు మీద కూర్చుంటాను. నీ చెంగ్ గారి ముఖం మీద చారలు గియ్యడానికి హెడ్ చంపుకుంటానా? ఆ హెడ్‌ని బిగించిందే నేను!"

"పెద్దోడా," అన్నారు మామగారు.

"నువ్వుండు నాన్నా. వీడికి టెంటు కింద టీ రుచిగా ఉంది. అక్కడే అన్నం కూడా పెడతారేమో అడగమను."

రోంగ్‌చె అరుస్తాడనుకున్నాను. గిన్నెలో మిగిలిన అన్నం మెతుకు లేకుండా తిన్నాడు. మామగారి ముందు మెతుకు వదిలితే ఆయనకి నచ్చదు. అన్నం తినే పుల్లలు గిన్నె మీద పెట్టి, లేచి, గిన్నె తనే కడిగి బోర్లించాడు.

సాయంత్రానికి సంచీ సర్దుకున్నాడు. గావ్‌షియాంగ్ నగరంలో ఫోను తొడుగుల మీద బొమ్మలేసే ఫ్యాక్టరీలో స్నేహితుడున్నాడట. నేను గుమ్మం దాకా వెళ్ళాను.

"ఎన్నికలయ్యాక అంతా సర్దుకుంటుంది, ఈ నాలుగు రోజులూ ఆగు," అన్నాను.

"ఎన్నికలది కాదు వదినా." చెప్పుల వార్లు బిగించుకుంటూ అన్నాడు. "మందు ఎక్కించేటప్పుడు సిరంజీ గట్టిగా నొక్కకు. దానంతట అది దిగాలి. నొక్కితే లోపల చిరిగిపోతుంది."

మామగారు వంటింట్లోనే ఉండిపోయారు. వాడు బోర్లించి వెళ్ళిన గిన్నెని తీసి, తడి లేకపోయినా గుడ్డతో తుడిచి, అలమరలో పై అరలో పెట్టారు.

రెండు రోజులు గడిచాయి. గీతలు మళ్ళీ పోయాయి.

ఈసారి మా ఆయన కాగితం మీద ఖాళీలు ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"పొద్దున గుడ్డ ఒక్క వైపుకే తుడిచావా? వెనక్కి గానీ..."

"ఆహా," అన్నాను. "నా దాకా వచ్చిందన్నమాట. నేను పోతే మామయ్యా మన పిల్లీ మిగులుతారు. తర్వాత ఎవర్ని పంపిస్తావో ఇప్పుడే చెప్పు, సంచీలు సర్దుకుంటారు."

ఆయన ముఖం కందిపోయింది. అంతకుముందు నేనెన్నడూ ఆయనతో అలా మాట్లాడలేదు. కాగితం నలిపి జేబులో పెట్టుకుని, బండి తీసుకుని బోర్డులు బిగించడానికి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం అన్నానికొచ్చి, తిని పైకెళ్ళాడు.

నేను పైకెళ్ళలేదు. రోంగ్‌చె స్టూలు అరుగు మీదినించి లోపలికి తెచ్చి, మిషన్‌కి ఎదురుగా వేసుకుని కూర్చున్నాను. ఏం చూస్తానో నాకు తెలీదు. ఎవరో వస్తారని కాదు. ఇంటి కోడలిని దొంగని పట్టే పోలీసులా కూర్చోబెట్టిన మిషన్ మీద ఒళ్ళుమండి కూర్చున్నాను. వీధిలో మైకు బండి చెంగ్ గారి పేరు అరుచుకుంటూ పోయింది. దాని వెనకే వేయ్ గారి బండి. తర్వాత వీధంతా నిద్రపోయింది.

మా పిల్లి అరుగు మీద దేన్నో వేటాడుతోంది. గెంతుతుంది, పంజా వేస్తుంది, ఏమీ దొరక్క మళ్ళీ గెంతుతుంది. చూస్తే వెలుగు మచ్చ. పోయే బళ్ళ అద్దాల వెలుగులు మా కొట్టులో పడుతూ పోతూనే ఉంటాయి కాబట్టి పట్టించుకోలేదు. కానీ ఈ మచ్చ పోలేదు. నెమ్మదిగా, నత్త నడిచినట్టు, గుమ్మం దాటి లోపలికొచ్చింది. మిషన్ కాలు ఎక్కింది. పిల్లి దాంతోపాటు బల్ల మీదికి దూకబోతే అదిలించాను. మచ్చ వెళ్ళి వెళ్ళి సరిగ్గా స్టీలు పళ్ళెంలో పడి, అక్కడ ఆగినట్టే ఉండిపోయింది. నేను తోమిన పళ్ళెం కదా, తళుక్కుమంది. ఆ తళుకు పైకి లేచి హెడ్ పొట్ట కింద తెల్లగా పడింది.

పొద్దున పళ్ళెం అంచున మర్చిపోయిన తుడుపుగుడ్డ ఒకటుంది. ముట్టుకున్నాను. వెలుగు పడుతున్న కొస, ఊదా దీపం తగిలినట్టే, అప్పడంలా బిగుసుకుపోయి ఉంది. నీడలో ఉన్న కొస ఇంకా తడిగా నా వేలికి అంటింది.

గుమ్మంలోకొచ్చి తలెత్తాను. ఆరుయ్ పిన్ని కిటికీ పైన అద్దం పడమటి ఎండకి నిప్పులా ఉంది.

మెట్ల కింద నిలబడి మా ఆయన్ని పిలిచాను. కళ్ళు నులుముకుంటూ దిగాడు. గుడ్డ చేతిలో పెట్టి పళ్ళెం వైపు చూపించాను. ఆయన హెడ్ కింద అరచెయ్యి పెట్టాడు. అరచేతిలో వెలుగు పడింది. చెయ్యి అలాగే ఉంచి వెనక్కి తిరిగి అద్దాన్ని చూశాడు. తర్వాత వీధిలోకి నడిచి, రోడ్డు మధ్యన నిలబడి, మా గోడ మీద తను బిగించిన బోర్డుకేసి చూశాడు. చెంగ్ గారి వేలు ఆయన తల మీదుగా ఎదురింటి కిటికీకి చూపిస్తోంది.

హారన్ కొడితే గానీ పక్కకి జరగలేదు.

నిచ్చెన తెచ్చి తనే ఎక్కాడు. బోల్టులు విప్పుతుంటే చెంగ్ గారి మనిషి స్కూటరాపాడు.

"అన్నా, ఇంకా ఓట్లే పడలేదు, అప్పుడే దించేస్తున్నావేంటి?"

"గాలికి ఊగుతోంది."

"గాలేదన్నా? ఆకు కదలట్లేదు."

"కదిలేదాకా ఆగమంటావా? ఎవడి నెత్తినన్నా పడితే మీ చెంగ్ గారికే ఓట్లు పోతాయి. మార్కెట్ మూలన కడతాను, పో."

బోర్డు దిగాక ఆరుయ్ పిన్ని కిటికీలోంచి తల బయటపెట్టింది. నేనే వెళ్ళి మెట్ల మీద ఆవిడకి సంగతి చెప్పాను. ఆవిడ అద్దం మా హెడ్‌ని చంపుతోందంటే ముందు నమ్మలేదు. తర్వాత కాస్త గర్వపడింది కూడా.

"చూశావా, అంత బలమైందన్నమాట! గుడి దగ్గర కొన్నాను."

"ఇక తీసెయ్ పిన్నీ. వేలు పోయింది కదా."

"కట్టింది ఊరికే తీసేస్తారటే? మంచిరోజు చూడాలి." కాసేపు ఆలోచించి, లోపల్నించి ఎర్రగుడ్డ తెచ్చి, అద్దానికి ముసుగు వేసింది. నేను మెట్లు దిగుతుంటే అడిగింది, "అయితే చిన్నోణ్ణి ఉత్తినే పంపించేశారా?"

నేను మిగిలిన మెట్లు గబగబా దిగేశాను.

మందు ఎక్కిస్తూ, ఆగుతూ, తుడుస్తూ ఉంటే గీతలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. సిరంజీ నేను నొక్కలేదు. నల్లగీతల్లో ఒక్కటి మాత్రం రాలేదు. ఈరోజుకీ రాలేదు. తెలిసినవాళ్ళు వెతికితే గానీ కనిపించదు.

ఆ సాయంత్రం మా ఆయన తమ్ముడికి ఫోన్ చేశాడు. నేను వంటింట్లోనించి విన్నాను.

"ఆఁ, నేనే... అన్నం తిన్నావా?... మూతలో తడి ఎంత ఉండాలి? పూర్తిగా నిండాలా, సగమా?"

ఆయనకి తెలీనిది కాదు. అన్నాళ్ళూ తనే పెట్టాడు. అటు నించి రోంగ్‌చె ఏం చెప్పాడో గానీ, ఈయన "ఊఁ... ఊఁ" అంటూ చాలాసేపు విన్నాడు. చివరికి, "అది... అద్దంరా. ఎదురింటిది. ఎండ," అన్నాడు. ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు. "సరే. ఓటుకి వస్తావుగా?"

మా దగ్గర ఎక్కడున్నవాడైనా ఓటెయ్యాలంటే ఇల్లున్న ఊరికే రావాలి. పోలింగు నాడు పొద్దుట్నించీ మామగారు అరుగు మీదే ఉన్నారు. వేరుశనగల పాయసం మూడుసార్లు వేడిచేయించారు. మా ఆయన ఏ పనీ లేకుండా మిషన్ చుట్టూ తిరిగాడు.

రోంగ్‌చె ఓటు వేసేశాకే ఇంటికొచ్చాడు. జుట్టు పొట్టిగా కొట్టించుకున్నాడు. మామగారికి అనాసపండు తెచ్చాడు. అన్నదమ్ములిద్దరూ ఒకరి భుజం పక్కనించి ఒకరు చూసుకున్నారు.

"వచ్చావా," అన్నాడు మా ఆయన.

"వచ్చాను," అన్నాడు వాడు.

నేరుగా మిషన్ దగ్గరికెళ్ళి నల్లగుడ్డ ఎత్తాడు. కిందికి వంగి ఆగిపోయాడు. స్టీలు పళ్ళెం మెరవట్లేదు. నల్లగా, పలక మీద నల్లపూతలా ఉంది. అంచుల దాకా కుంచె గీత తెలీకుండా వేసిన రంగు.

"ఇదెవరేశారు?"

"నేనే," అన్నారు మామగారు గుమ్మంలోంచి. వణికే చెయ్యి వీపు వెనక దాచుకుని.

రోంగ్‌చె పళ్ళెం మీద వేలు రాసి చూశాడు. ఆ వేలు చూసుకుని తలూపాడు.

భోజనంలో అలమర పై అరలోని గిన్నె దిగింది. పాయసం రెండుసార్లు పోయించుకున్నాడు. ఎవరు గెలుస్తారన్న మాట ఎవరూ ఎత్తలేదు. బస్సు టైము మాత్రం మా ఆయన రెండుసార్లు అడిగాడు. మూడోసారి అడగబోతే నేను కాలు తొక్కాను.

"పొద్దున్నే డ్యూటీ అన్నా," అన్నాడు రోంగ్‌చె. "అక్కడ హెడ్‌లు చాలా ఉన్నాయి. చూసుకోడానికి మనిషి కావాలని నన్ను ఉంచేసుకున్నారు."

మా ఆయన తల వంచుకుని అనాసముక్క కొరుకుతూ, "మంచిదే," అన్నాడు.

వెళ్ళేముందు వాడే తడి చేసి, వాడే హెడ్‌ని మూత మీదికి దించాడు. మా ఆయన పక్కన వంగి ఫోనులైటు పట్టుకున్నాడు, తమ్ముడి చేతి మీద నీడ పడకుండా. నల్లగుడ్డ ఇద్దరూ చెరో కొస పట్టుకుని కప్పారు.

నేను బస్టాండు దాకా నడిచాను. వీధి చివర టపాకాయలు మొదలయ్యాయి, ఆ సాయంత్రమే లెక్క తేలి ఎవరో గెలిచినట్టున్నారు. ఎవరని మేమిద్దరం అడగలేదు.

"అక్కడ బాగుందా?" అన్నాను.

"బాగానే ఉంది వదినా." సంచీ భుజం మార్చుకున్నాడు. "ఆ ఫ్యాక్టరీకి కిటికీలే లేవు. హెడ్‌కి చాలా మంచిది."